ఆకాశం చూడ్డానికి టిక్కెట్టు లేదు

(మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



2025 సెప్టెంబరు 7వ తేదీ ఆదివారం. భాద్రపద పౌర్ణమి. ఆ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. దానికి రెండు రోజుల ముందు, మా కాశీబుగ్గలో మాకు నాలుగిళ్ల అవతల వుండే రిటైరైన సైన్సు మేష్టారొకాయన వీధిలో యింటింటికీ వచ్చి ఒక సంగతి చెప్పి వెళ్లారు. తన డాబామీద చిన్న దుర్భిణి పెడుతున్నారట. ఎవరైనా వచ్చి చూడవచ్చునట. డబ్బులేమీ అక్కర్లేదట.

మా పక్కింటావిడ జీడిపిక్కలు కొట్టే పనికి వెళుతుంది. మేష్టారు అటు వెళ్లగానే యిటు నా దగ్గరకు వచ్చి, "డబ్బుల్లేవంటన్నారు గానీ అమ్మా, మనలాటి ఆడోల్లకి సూపిత్తారేటి?" అని అడిగింది.

నవ్వేసి, "ఎందుకు చూపించరు? రా, యిద్దరం వెళదాం" అన్నాను. కానీ ఆ మాట నా చెవిలో వుండిపోయింది. ఆకాశం అందరి నెత్తిమీదా వుంది గదా! అది చూడ్డానికి మనకి వీలుందా లేదా అని మనిషి అడగవలసి వచ్చిందంటే, దాని వెనక ఏదో పెద్ద కథ వుండాలి. మన తెలుగుదేశంలో ఆకాశాన్ని ఎవరు చూశారు, ఎవరికి చూపించారు, ఎవరిని గదిలో పెట్టి తలుపు వేశారు? యీవేళ ఆ కథే నాలుగు మాటల్లో చెబుతాను.

అసలు ఆకాశం తెలియని వాళ్లం కాదు మనం. ఉద్దానం రేవుల్లో వేటకి వెళ్లేవాళ్లకి చుక్కలే దారి. మా అమ్మమ్మ తెల్లవారుజామున వేగుచుక్క చూసి లేచి దంపుళ్లకి కూర్చునేది. గడియారం ఆవిడ యింట్లో లేదు, అవసరమూ రాలేదు. పిల్లలకోడి ఎక్కడ వుందో, మూడు చుక్కల గొల్లకావడి ఎప్పుడు నడినెత్తికి వస్తుందో చూసి రాత్రి ఎంత గడిచిందో చెప్పేది. ఆ పిల్లలకోడినే పంచాంగంలో కృత్తికలు అంటారని నేను బడిలో చదువుకున్నాక గానీ తెలియలేదు.

మన జిల్లాలోనే అరసవల్లి వుంది. ఏటా మార్చి 9, 10 తేదీల ప్రాంతంలోనూ, మళ్లీ అక్టోబరు 1, 2 తేదీల ప్రాంతంలోనూ ఉదయం సూర్యకిరణాలు తిన్నగా గర్భగుడిలోకి వచ్చి స్వామి పాదాలను తాకుతాయి. మబ్బు లేకపోతే చాలు, ఆ కొద్ది నిమిషాల కోసం జనం తెల్లవారకముందే వచ్చి నిలబడతారు. ఎందుకు ఏడాదికి రెండుసార్లే? సూర్యుడు రోజూ ఒకేచోట వుదయించడు. చలికాలంలో దక్షిణానికి జరిగి, వేసవిలో ఉత్తరానికి జరుగుతాడు. వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి అదే చోటు మీదుగా పోతాడు. అంచేత మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకి పదీ పదకొండు రోజుల ముందు ఒకసారి, సెప్టెంబరులో అలా సమానమయ్యాక సుమారు అన్నిరోజులకే మరొకసారి కిరణం ఆ గుమ్మానికి సూటిగా వస్తుంది. ఆ గుమ్మం అక్కడ నిలబెట్టిన శిల్పులు దుర్భిణి ఎరగరు. కంటితో చూసి, ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకున్నవాళ్లు.

మరి దుర్భిణి మన దేశంలో నిలకడగా కాలు పెట్టింది మద్రాసులో. యీస్టిండియా కంపెనీ వారు 1792లో అక్కడ వేధశాల కట్టారు. వేధశాల అంటే గ్రహాలనూ నక్షత్రాలనూ కొలిచి లెక్కగట్టే చోటు. ఓడలు దారి తప్పకుండా వుండాలంటే సరైన వేళ తెలియాలి, ఆ వేళ ఆకాశం చెప్పాలి. అదీ వారి అవసరం. పరికరం కదలకుండా నిలబెట్టడానికి అక్కడ పెద్ద రాతిస్తంభం పాతారు. దానిమీద లాటిన్‌తోపాటు అరవంలోనూ, మన తెలుగులోనూ అక్షరాలు చెక్కించారు. అంటే ఆ రాయి మీద తెలుగుకి చోటు దొరికింది. తెలుగువాళ్లకి దుర్భిణి దగ్గర చోటు దొరకడానికి మరో యాభై ఏళ్లు పట్టింది.

ఆ మనిషి విశాఖపట్నం జమీందారు, గోడే వెంకట జగ్గారావుగారు. 1817లో పుట్టారు. మద్రాసు వేధశాల అధికారి టేలర్ దొర దగ్గర జ్యోతిశ్శాస్త్రం నేర్చుకుని వచ్చి, 1840లో విశాఖపట్నంలో తన సొంత డబ్బుతో, తన యింటి ఆవరణలోనే వేధశాల పెట్టుకున్నారు. డాల్ఫిన్స్ నోస్ కొండమీద జెండాకొయ్య కూడా ఆయన చలవే. 1856లో, నలభై ఏళ్లు నిండకుండానే, ఆయన పోయారు. అప్పుడు ఆ వేధశాలను అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు తన చేతిలోకి తీసుకున్నారు. ఆయన లండన్‌లోని రాయల్ ఖగోళ సంఘంలో 1871లో సభ్యులయ్యారు. ఆరంగుళాల దుర్భిణి తెప్పించారు. 1874 డిసెంబరు 9వ తేదీ ఉదయం శుక్రగ్రహం సూర్యబింబానికి అడ్డంగా నల్లచుక్కలా నడిచిపోతుంటే విశాఖపట్నం నుంచి చూసి, లెక్కలు రాసి లండన్‌కి పంపించారు.

ఆ లెక్కలకి ఎందుకంత విలువ? శుక్రుడు సూర్యుడి మీదుగా పోవడాన్ని లోకంలో వేరువేరు చోట్ల నుంచి చూసి, ఏ చోట ఎన్ని గంటలకి అడుగుపెట్టాడో, ఎన్ని గంటలకి దిగిపోయాడో సరిపోల్చితే, మనకీ సూర్యుడికీ మధ్య దూరం తేలుతుంది. ఆ పనిలో మన తీరం నుంచి ఒక తెలుగాయన చెయ్యి కూడా పడింది.

రేడియో పనిమీద నేను ఎన్నో ఏళ్లుగా పలాసలో రైలెక్కి విశాఖపట్నం వెళ్లి వస్తున్నాను. డాబాగార్డెన్స్ రోడ్డులో చీరెల కొట్లు చూసుకుంటూ తిరిగాను గానీ, ఆ ప్రాంతంతో ముడిపడిన కుటుంబం వారిదే ఆ వేధశాల అని చాలాకాలం తెలియదు. యిప్పుడక్కడ వేధశాల లేదు. ఆ దారిన వెళ్లినప్పుడల్లా నాకు జగ్గారావుగారి కుమార్తె, నరసింగరావుగారి యిల్లాలు గుర్తుకొస్తుంది. తండ్రి పెట్టిన దుర్భిణి, భర్త నడిపిన దుర్భిణి, ఆవిడ పుట్టింటి ఆవరణలోనే. పుస్తకాలు మామగారినీ అల్లుణ్ణీ పొగుడుతాయి. వారిద్దరినీ కలిపిన మనిషి మధ్యలో వుంది గదా! ఒక్క వెన్నెల రాత్రయినా ఆవిడ వచ్చి ఆ గాజుకి కన్ను ఆనించి వుండాలని నాకు ఆశ. యింగ్లండులో కరొలిన్ హెర్షెల్ అనే ఆవిడ అన్నగారి యిల్లు చక్కబెడుతూనే రాత్రుళ్లు ఆకాశం వెతికి, 1786లో ఒక తోకచుక్కను కనిపెట్టింది. తోకచుక్కను కనిపెట్టిన తొలి స్త్రీలలో ఆవిడ ఒకరు. చూడనిస్తే మన కళ్లకేం తక్కువ?

సరే, జమీందారులకి దుర్భిణి వుంది, మిగతావాళ్లకి? మనకి ఉత్తరాన ఒరిస్సాలో ఖండపడా అనే చిన్న సంస్థానంలో పఠాణి సామంత అనే ఆయన వుండేవారు. అసలు పేరు చంద్రశేఖర సింహ సామంత. 1835 నుంచి 1904 దాకా జీవించారు. వెదురుబద్దలతో, కర్రముక్కలతో సొంతంగా పరికరాలు చేసుకుని, వట్టికంటితో గ్రహాల నడక కొలిచారు. ఆయన సంస్కృతంలో రాసిన సిద్ధాంత దర్పణం 1899లో అచ్చయింది. తరువాత చాలాకాలానికి భువనేశ్వర్‌లో కట్టిన నక్షత్రశాలకి ఆయన పేరే పెట్టారు.

యిక మన తెలుగునేల ఆకాశచరిత్రలో మరిచిపోరాని రోజు 1868 ఆగస్టు 18. ఆనాటి సంపూర్ణ సూర్యగ్రహణం గుంటూరు, మచిలీపట్నం మీదుగా పోయింది. ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త గుంటూరు వచ్చి కూర్చున్నాడు. సూర్యుడి అంచున లేచే ఎర్రని మంటలను, వెలుగుని రంగులుగా విడదీసే పరికరంతో చూశాడు. అవి ఎంత ప్రకాశంగా వున్నాయంటే, గ్రహణం లేకపోయినా చూడవచ్చునని తోచి, మర్నాడు మామూలు సూర్యుణ్ణే మళ్లీ పరీక్షించి వాటిని పట్టుకున్నాడు. ఆ కాలంలోనే సూర్యుడి వెలుగులో ఒక పసుపు గీత కనబడింది. భూమ్మీద ఎరిగిన ఏ పదార్థానికీ అది సరిపోలేదు. సూర్యుడి పేరుమీదుగా దానికి హీలియం అని పేరుపెట్టారు. పైకి ఎగిరిపోయే బుడగల్లో ఆ వాయువును కూడా నింపుతారు.

హైదరాబాదు కథ కూడా ఒక యింటి ఆవరణలోనే మొదలైంది. నవాబ్ జఫర్ జంగ్ అనే ఆయన 1901లో పదిహేను అంగుళాల దుర్భిణి తెప్పించి తన యెస్టేటులో వేధశాల పెట్టారు. 1907లో ఆయన పోయాక నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుని బేగంపేటకు మార్చింది. అదే నిజామియా వేధశాల. 1919లో దాన్ని కొత్తగా పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అప్పగించారు. నా మాట అడిగితే, యీ కథలో పెద్ద మలుపు అదే. నవాబుగారి వేడుక ప్రభుత్వ శాఖ అయింది, ప్రభుత్వ శాఖ చదువుకునే పిల్లల చేతికి వచ్చింది. లోకంలోని పెద్ద వేధశాలలన్నీ ఆకాశాన్ని పొలాల్లా పంచుకుని ఫొటోలు తీసి నక్షత్రాలకి చిట్టా రాస్తుంటే, నిజామియా కూడా తన వంతు తీసుకుని ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాలను లెక్కకెక్కించింది. మన యింట్లో రేషను బియ్యం చిట్టా రాయడానికే విసుక్కుంటాం గదా, ఏడున్నర లక్షల చుక్కలు!

ఆ వేధశాలలో పనిచేసిన ఒక వుద్యోగి కొడుకు చిన్నతనం నుంచీ అక్కడే ఆ దుర్భిణుల మధ్య తిరిగి, పెద్దయి వేణు బప్పు అయ్యాడు. 1949లో అమెరికాలో చదువుకుంటూ మరిద్దరితోపాటు ఒక తోకచుక్కను కనిపెట్టాడు. తరువాత తమిళనాడులో కావలూరు వేధశాలను నిలబెట్టాడు. ఆయన పోయాక ఆ చోటుకి ఆయన పేరే పెట్టారు. అక్కడ శనివారాల్లో వచ్చిన మామూలు జనానికి కూడా చిన్న దుర్భిణిలోంచి ఆకాశం చూపిస్తూ వచ్చారు. తండ్రి వుద్యోగం పుణ్యమా అని ఒక్క పిల్లవాడికి దుర్భిణి అందుబాటులో వుంటే ఎంత జరిగిందో చూశారా?

యిక్కడ నా సొంత కథ మొదలవుతుంది. 1968లో ఉస్మానియావారు హైదరాబాదుకి దూరంగా, జపాల్, రంగాపూర్ పల్లెల దగ్గర నలభై ఎనిమిది అంగుళాల దుర్భిణితో కొత్త వేధశాల తెరిచారు. 1980 ఫిబ్రవరి 16, శనివారం నాడు సంపూర్ణ సూర్యగ్రహణం సరిగ్గా దాని మీదుగా పోయింది. దేశదేశాల నుంచి శాస్త్రజ్ఞులు వచ్చారు. మధ్యాహ్నం మూడుముప్పావు ప్రాంతంలో, రెండు నిమిషాలు అటూయిటూగా, పట్టపగలు చుక్కలు కనిపించాయి. సూర్యుడి చుట్టూ ముత్యాలకాంతిలా వెలుగు విచ్చుకుంది. వచ్చినవాళ్లు ఆ రెండు నిమిషాల కోసం నెలల తరబడి సిద్ధపడ్డారు.

ఆ రెండు నిమిషాలూ టెక్కలిలో మా పెంకుటింట్లో మా అమ్మ ధాన్యం గదిలో చీకట్లో వెల్లకిలా పడుకుని వుంది. ఆరో నెల. కడుపులో నేను. కిటికీకి గోనెపట్టా కట్టారు, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కారు. పొద్దుటినుంచీ పచ్చిమంచినీళ్లు ముట్టనివ్వలేదు. చెయ్యి ముడవకూడదు, కాలు ముడవకూడదు, గోక్కోకూడదు. మా మామ్మ గుమ్మం దగ్గర కూర్చుని, "కదలకే అమ్మా, గుంటకి మొర్రి వచ్చీగలదు" అని పదేపదే చెబుతూనే వుందట. మామ్మని నేను తప్పుపట్టను. ఆవిడకి తెలిసిన ప్రేమ అది. కాకులు గూళ్లకి చేరడం, ఆవులు యింటి మొహం పట్టడం మామ్మ సందులోంచి చూసి లోపలికి చెప్పిందట. అమ్మ విన్నది. విన్నదంతే.

గ్రహణం మొర్రి అనే మాట మనందరికీ తెలుసు. అసలు సంగతి డాక్టర్లు చెబుతారు. కడుపులో బిడ్డకి పై పెదవి, అంగిలి రెండు వైపుల నుంచీ వచ్చి మధ్యలో అతుక్కుంటాయి. అది గర్భం తొలి మూడు నెలల్లోనే జరిగిపోతుంది. ఏ కారణం చేతనైనా ఆ అతుకు సరిగా పడకపోతే మొర్రి. వంశంలో వుండవచ్చు, కొన్ని మందులు కావచ్చు, పొగ కావచ్చు, ఆహారంలో లోపం కావచ్చు. సూర్యుడికీ చంద్రుడికీ దానితో పని లేదు. అంటే మా అమ్మ ఆరో నెలలో ఆ గదిలో బిగుసుకుని పడుకునే నాటికి నా పెదవి ఎప్పుడో తయారైపోయింది. దాహంతో పడుకున్నదొక్కటే మిగిలింది.

నాకు బాధ కలిగించేది దాహం కూడా కాదు. ఉద్దానంలో మా అమ్మ పుట్టిన వూళ్లో ఒకావిడకి మొర్రితో బిడ్డ పుట్టాడు. "గ్రహణం నాడు ఏదో కోసుంటావు, ఏదో తుంచుంటావు" అన్నారు. అత్త అన్నది, ఆడబిడ్డ అన్నది, చివరికి కట్టుకున్నవాడూ అన్నాడు. ఆ బిడ్డకి పెదవి కుట్టించవచ్చునని తెలిసి, ఆపరేషన్ అయి, వాడు పెరిగి పెద్దవాడై పడవ ఎక్కే నాటికి కూడా ఆవిడ నాతో అన్నది: "నాను ఆ దినం పనసకాయ కోసినానో నేదో నాకే గేపకం నేదమ్మా." తను చెయ్యని తప్పుని జీవితమంతా వెతుక్కున్నది. ఆకాశం గురించి తెలియకపోతే నష్టమేముంది అనేవాళ్లకి నేను చెప్పే జవాబు ఆవిడే. పైన జరిగేది అర్థం కాని చోట, కింద ఎవరో ఒకరి మీద తప్పు మోపుతారు. ఎక్కువగా తల్లి మీద మోపుతారు.

ఆ రోజు తరువాత లోకం మారలేదని కాదు. జర్మనీలో మ్యూనిక్ నగరంలో 1920లలో మొదటిసారి గదిలోపల గుండ్రని కప్పుమీద నక్షత్రాలన్నీ వెలిగించి చూపించే యంత్రం పెట్టారు. దాన్నే మనం నక్షత్రశాల అంటున్నాం. కలకత్తాకి 1960లలో వచ్చింది, మన హైదరాబాదుకి 1985లో వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావుగారు ప్రారంభించారు. పగలే చుక్కలు చూడవచ్చు, గ్రహణం ఎలా పడుతుందో కుర్చీలో కూర్చుని చూడవచ్చు. తిరుపతి వెళ్లినప్పుడు కొండెక్కడం మరిచిపోం గదా, అలాగే హైదరాబాదు వెళ్లినప్పుడు పిల్లల్ని అక్కడికి తీసుకువెళ్లడం మరిచిపోకండి.

నాకు మాత్రం మొదటిసారి ఆకాశం అందింది 2012 జూన్ 6న. నరసింగరావుగారు 1874లో చూసిన శుక్రుడి నడకే మళ్లీ వచ్చింది. మా పిల్లల బడి ఆవరణలో మేష్టర్లు నల్లటి కళ్లద్దాలు పట్టుకుని పిల్లల వెంట వచ్చిన తల్లుల్ని కూడా వరసలో నిలబెట్టారు. మబ్బు విడివడిన రెండు నిమిషాల్లో నా వంతు వచ్చింది. సూర్యుడి మీద మిరియపుగింజంత చుక్క! మళ్లీ అలా రావాలంటే 2117 డిసెంబరు దాకా ఆగాలి.

యిక సెప్టెంబరు రాత్రికి వస్తాను. మా పెద్దమ్మాయి అయిదో నెలతో పుట్టింటికి వచ్చి వుంది. మా అమ్మ కూడా టెక్కలి నుంచి వచ్చింది. అల్లుడు ఫోనులో, "అత్తయ్యగారూ, మా అమ్మ బయటికి పంపవద్దంటోంది" అన్నాడు. వియ్యపురాలి మాట కొట్టెయ్యలేను, చూడకూడదని పిల్లకి చెప్పలేను. సూర్యగ్రహణమైతే కళ్లకి ప్రమాదం, చంద్రగ్రహణం మామూలు వెన్నెల చూసినట్లే అని నాకు తెలుసు. తెలిసి కూడా నా నోరు పెగలలేదు. చదివింది మెట్రిక్ అయినా, మైకు ముందు ఎన్ని కబుర్లు చెప్పినా, కడుపుతో వున్న కూతురి విషయం వచ్చేసరికి నేనూ మామ్మనే అయిపోయాను.

అప్పుడు మా అమ్మ మంచంమీద నుంచి లేచింది. "ఆ దినం నాను సూణ్ణేదు. దీన్ని సూడనీ. ఏటైనా అయితే నా మీద ఎట్టీండి" అన్నది. అల్లుడితో ఫోనులో తనే మాట్లాడింది. వియ్యపురాలితోనూ తనే మాట్లాడింది. ఏం చెప్పిందో నేను వినలేదు. మనవరాలికి యింత అన్నం పెట్టి, మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చి, చెయ్యి పట్టుకుని బయల్దేరింది.

పది గంటలకి చంద్రుడి అంచు కొరికినట్లయింది. మబ్బులు వస్తూ పోతూ వున్నాయి. పదకొండింటికి బింబమంతా ఎర్రగా, కాల్చిన పెంకు రంగులోకి తిరిగింది. భూమి నీడ చంద్రుడి మీద పడినా, భూమి చుట్టూ వున్న గాలిలోంచి వంగి వెళ్లిన ఎర్రని వెలుగు కొంత అతణ్ణి తాకుతుంది, అంచేత ఆ రంగు అని మేష్టారు చెప్పారు. ముందు మా పక్కింటావిడ చూసింది. "ఓలమ్మ! గుంటలున్నాయి!" అని అరిచింది. తరువాత మా అమ్మాయి చూసింది. ఆఖరున మా అమ్మ. మోకాళ్ల నొప్పితో వంగలేకపోతే మేష్టారు స్టూలు వేశారు. చాలాసేపు చూసింది. కన్ను తీసి, "యింతేనా?" అన్నది. నలభై అయిదేళ్లు మోసిన భయాన్ని దింపేసిన గొంతు అది.

యీ జనవరిలో మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. బాగుంది. చూసినందువల్ల బాగుందని నేను అనను, చూసినా బాగుందని మాత్రం చెబుతాను. ఒకవేళ ఏదైనా లోపంతో పుట్టి వుంటే? అదీ ఆ చంద్రుడి వల్ల కాదు. ఆ మాట అనడానికి కూడా మనకి ధైర్యం వుండాలి.

చివరిగా రెండు జాగ్రత్తలు. సూర్యగ్రహణాన్ని ఎన్నడూ వట్టికంటితో చూడవద్దు. ఎక్స్‌రే ఫిల్ములూ, మసిపట్టిన గాజుముక్కలూ పనికిరావు. అందుకోసమే చేసిన కళ్లద్దాలు కావాలి. అవి లేకపోతే వంటింట్లో జల్లెడ తెచ్చి ఎండలో పట్టండి, నేలమీద ప్రతి చిల్లుకీ ఒక చిన్న కొరికిన సూర్యుడు పడతాడు. జీడిచెట్టు కింద నీడలో కూడా అలాగే పడతాయి. చంద్రగ్రహణానికి ఏ అడ్డూ అక్కర్లేదు. గ్రహణం నాడు పళ్లెంలో రోకలి నిలబెడతారే, ఆ రోకలిని నేను ఒక వట్టి మంగళవారం నాడు నిలబెట్టి చూశాను. చక్కగా నిలబడింది.

జమీందారుగారి ఆవరణ నుంచి నవాబుగారి యెస్టేటుకి, అక్కడి నుంచి విశ్వవిద్యాలయానికి, అక్కడి నుంచి మేష్టారి డాబాకి దుర్భిణి వచ్చింది. మన వీధి దాకా రావడానికి దానికి దగ్గరదగ్గర రెండువందల ఏళ్లు పట్టింది. మన గది గుమ్మం దాటడానికి మనకి ఒక్క అడుగు చాలు. ఈసారి మీ వూళ్లో ఎవరైనా ఆకాశం చూపిస్తామంటే, "మనకి చూపిస్తారా" అని అడక్కండి. యింట్లో పెద్దావిణ్ణి ముందు నడిపించుకుని వెళ్లండి. టిక్కెట్టు లేదు.